గునపం చప్పుడు

వంటింట్లో పొయ్యిగట్టు ముందున్న నాపరాయి ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచే ఊగుతోంది. కాలు పెడితే ఒక మూల టక్కుమని దిగేది, కాలు తీస్తే మళ్ళీ లేచేది. మొదట్లో నేను పట్టించుకోలేదు. నాది బోరు మోటార్లకు తీగ చుట్టే కొట్టు. వానలు ముఖం చాటేసినప్పుడల్లా కాలిపోయిన మోటార్లు ట్రాక్టర్ల మీద వచ్చి మా కొట్టు ముందు పడుతుంటాయి. ఇంట్లో రాయి ఊగిందని కొట్టు మూసుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? ఆ తర్వాత ఒకరోజు సింకు గొట్టం ఊడి నేలంతా నీళ్ళయ్యాయి. గుడ్డ తీసుకొచ్చి తుడుద్దామని వంగేసరికి నీళ్ళు లేవు. ఆ రాళ్ళ సందుల్లోకి పోయాయి. అనుమానం వచ్చి ఒక బకెట్టు నీళ్ళు పోసి చూశాను. అవీ పోయాయి. ఎక్కడికి పోతున్నాయో తెలియదు. అప్పుడు భయమేసింది.

నాకు భయం కొత్త కాదు లెండి. కరెంటు పని చేసేవాడికి ఆమాత్రం భయం ఉండాలని పైకి చెబుతాను గానీ, అసలు సంగతి అది కాదు. ఇంట్లోంచి కాలు బయట పెట్టబోతుంటే ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ కదలను. పిల్లి ఎదురైతే సందు మారుస్తాను. మా ఆవిడ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. "పిల్లి నీకెదురొస్తే నీకు కీడంటున్నావే, నువ్వెదురొస్తే పాపం దానికేం కీడో అడిగావా?" అనేది. నవ్వేవాణ్ణి. సందు మాత్రం మార్చేవాణ్ణి.

గురజాల నుంచి కారంపూడి పోయే దారిలో మా ఊరు. ఇల్లు మేము కట్టుకున్నది కాదు. భూములున్న పాత ఆసాములు నరసరావుపేట వెళ్ళి స్థిరపడుతూ అమ్మేస్తే, తక్కువలో వస్తోందని కొన్నాం. ముందు రెండు గదులు ఎప్పటివో. వంటిల్లు మాత్రం వాళ్ళే తర్వాత పెరట్లోకి పొడిగించి కట్టారు. కింద మాచర్ల నాపరాళ్ళు పరిచారు, పైన రేకులు వేశారు. రాయి నల్లగా, నున్నగా, ఎండాకాలం పడుకుంటే వీపుకు చల్లగా ఉండేది. కొన్నప్పుడు నేలను చూసే నేను ముచ్చటపడ్డాను.

మా ఆవిడకప్పుడు ఆరో నెల దాటింది. అంతకుముందు రెండు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మాట ఇంట్లో ఎత్తడం మానేశాం. ఈసారి కడుపు నిలిచిందని తెలిశాక కూడా ఒక చిన్న గుడ్డముక్క కొనలేదు, ఒక పేరు అనుకోలేదు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు మనకెందుకులే అనుకునేవాణ్ణి, ఆలూ చూలూ రెండూ కళ్ళెదుటే ఉన్నా సరే. నరసరావుపేటలో డాక్టరమ్మ బస్సు ఎక్కొద్దంది, బరువెత్తొద్దంది, ముఖ్యంగా కాలు జారే చోట నడవొద్దంది. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళ ముందు కనిపించింది పొయ్యిగట్టు ముందరి రాయి. రోజుకు ఎన్నిసార్లు ఆ రాయి మీద నిలబడుతుందో ఆమెకే తెలియదు.

టైల్సు వేయిద్దామా అంటే చేతిలో ఉన్నది కాస్తా స్కానింగులకూ సూదులకూ పోయింది. అందుకని కొత్త రాయి కొనకుండా పని జరిపే ఉపాయం ఆలోచించాను. మా వైపు అందరికీ తెలిసిందే. నాపరాయి పైభాగం అరిగితే తిరగేసి పరుచుకోవచ్చు. అడుగుభాగం ఎవరి కాలూ తగలని కొత్త రాయే. కొట్టులో మిగిలిన సిమెంటు కొంచెం ఉంది. క్రషర్ దగ్గర రాతిపొడి చౌకగా దొరుకుతుంది. ఇక కావలసింది తాపీమేస్త్రి ఒక్కడే.

మేస్త్రి వచ్చాడు. చెప్పులు విప్పాడు, రాయి మీద కాలేసి ఊపి చూశాడు, బొటనవేలితో సందులు గీకాడు. "నాలుగు రాళ్ళు లేపి దిమ్మిస కొట్టి మళ్ళీ పరిస్తే సరి. పొద్దున మొదలెడితే చీకటి పడకముందే అయిపోద్ది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో మా ఆవిడ మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతను ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, నేల మీద పెట్టిన తాపీ తీసి సంచిలో వేసుకున్నాడు.

"ఏందన్నా, ముందు చెప్పొద్దా? వదినెకు నెలలు కదా."

"నాలుగు రాళ్ళేగా."

"నాలుగైనా నలభయ్యైనా గునపం గునపమే. చూలింత ఉన్న ఇంట్లో నేలలోకి గునపం దించకూడదు. నేనూ పిల్లలు గలోణ్ణి. పురుడు పోసుకున్నాక కబురు చెయ్యి, కూలి కూడా అడగను" అని, ఇచ్చిన నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇంకో మేస్త్రికి ఫోన్ చేశాను. అతను రాళ్ళెన్ని అని అడగలేదు. "ఇంట్లో ఆడోళ్ళు ఉత్తగానే ఉన్నారా?" అని అడిగాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఇద్దరూ రానన్నందుకు లోపల ఒక మూల నాకు నిమ్మళంగానే ఉంది. ఎందుకంటే ఆ ఆనవాయితీని నేనూ నమ్ముతాను. రెండుసార్లు పోగొట్టుకున్నవాడు దేన్నైనా నమ్ముతాడు. గునపం దింపకపోతే రాయి ఊగుతుంది. దింపితే కీడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారే, సరిగ్గా అలా ఉంది నా పరిస్థితి. ఆ సామెత మా వంటింటికి ఎంత అతికినట్టు సరిపోతుందో అప్పటికి నాకింకా తెలియదు.

నాకు తోచిన వైద్యం నేను చేశాను. కొట్టులోంచి ఒక ప్లైవుడ్ చెక్క తెచ్చి ఊగే రాయి మీద పరిచాను. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత ఒక పొద్దున, నేను ముఖం కడుక్కుంటుంటే, లోపల గిన్నె పడిన చప్పుడు. పరుగెత్తాను. చెక్క అంచు ఆమె కాలికి తగులుకుంది. రెండు చేతులతో పొయ్యిగట్టు పట్టుకుని వేలాడినట్టు నిలబడి ఉంది. నేను పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను గానీ, ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పలేను. ఆ పూటంతా బిడ్డ కదిలిందా, కదిలిందా అని అడుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి ఆమెకు విసుగొచ్చింది.

"కదిలింది. నువ్వట్టా అడుగుతుంటే నిద్రపట్టక కదిలింది. ఇక ఇనుకో. రాయి తీస్తే బిడ్డకు కీడంటున్నారు. రాయి ఊగి నేను బోర్లా పడితే? అప్పుడు మీ ఆనవాయితీ వచ్చి పట్టుకుంటదా?"

"మేస్త్రులు రామంటున్నారే..."

"మేస్త్రులెందుకు? నీకు చేతుల్లేవా? మోటారంతా ఊడబీకి మళ్ళీ బిగిస్తావు, నాలుగు రాళ్ళు తిప్పలేవా?"

పక్కింట్లో ఉండే పెద్దావిడను నేను అత్తా అంటాను, మా ఆవిడ పెద్దమ్మా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఆ రోజుల్లో ఆమె మా వరండాలోనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది, మా ఆవిడ దగ్గుతుందని అటు చివరకు జరిగి మరీ. మా మాటలన్నీ విన్నట్టుంది. "చేస్తే చెయ్యి అల్లుడూ, కానీ ఒకటి. అమ్మాయి ఈ ఇంట్లో ఉండకూడదు. మా ఇంట్లో పడుకోబెడతా. గునపం దిగిన చప్పుడు కడుపుతో ఉన్నదాని చెవిన పడకూడదు. అదీ అసలు సంగతి. చెవిన పడకపోతే దోషం లేదు" అంది. ఆ మాట ఆమె పెద్దల నుంచి విన్నదో, నా మొహం చూసి అప్పటికప్పుడు కల్పించిందో తెలియదు. నేను మాత్రం మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. గునపం కూడా ఆమే ఇచ్చింది. వాళ్ళ ఆయన నాటిది, బరువైనది, పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది.

వర్జ్యం, రాహుకాలం లేని పొద్దు చూసుకున్నాను. వంటింట్లో సామానంతా మోసుకొచ్చి నడిమి గదిలో నులకమంచం మీద పోశాను. గిన్నెలు, డబ్బాలు, పోపుల పెట్టె, అన్నీ. గ్యాసుబండ వరండాలో పెట్టాను. మా ఆవిడ ఫోనూ దిండూ చంకన పెట్టుకుని, సినిమాకు పోతున్నదానిలా, పక్కింటికి వెళ్ళింది. వెళ్ళేముందు పెద్దావిడ నా ముందే ఆమె ఫోన్‌లో పాటలు పెద్దగా పెట్టించింది. నేను పెరటి గుమ్మం వైపు నుంచి వంటింట్లోకి దిగాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నేలక్కూడా పెట్టుకున్నాను.

మొదటి రాయి తేలిగ్గానే వచ్చింది. సందులో గునపం మొన దించి, పక్కన ఇటుక పెట్టి దాని మీద ఆనించి నొక్కితే, చప్పరిస్తూ లేచింది. తిరగేసి చూస్తే అడుగు లేత బూడిదరంగులో, గరుగ్గా, ఒక్క మరక లేకుండా ఉంది. ఆ క్షణం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కొత్త నేల డబ్బుల్లేకుండా వచ్చేసినట్టే అనిపించింది. గోడకు ఆనించి పెట్టాను. రెండోదీ వచ్చింది. ఒక్కో దెబ్బకూ పక్కింటివైపు చెవి పెట్టి వినేవాణ్ణి. పాటలు వినిపిస్తుంటే ఇంకో దెబ్బ వేసేవాణ్ణి.

మూడోది పొయ్యిగట్టు ముందరిది. అది లేపగానే అడుగున పరిచిన ఇసుక కదిలింది. చీమల బారులాగా మెల్లగా, ఒక పక్కకు, జారుతోంది. ఎవరో కింద నుంచి లాక్కుంటున్నట్టు ఉంది. చూస్తుండగానే ఇసుక పోయి, అడ్డంగా పరిచిన తాటిమొద్దు వీపు కనిపించింది. వంటింటి నేల కింద తాటిమొద్దు ఎందుకుందో నాకు అర్థం కాలేదు. బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి పోయింది. మొద్దు కాదది, చెదలు తిని వదిలిన తొడుగు. వేలికి పొడి అంటుకుని వచ్చింది.

అప్పుడే వెనక్కి రావలసింది. భయస్తుడికి కూడా ఒక్కోసారి తెలివి ఆలస్యంగా వస్తుంది. మొద్దు పక్కన ఏముందో చూద్దామని గునపం మొన దించాను. మొన దేనికీ తగల్లేదు. నా బరువంతా గునపం మీదే ఉంది. అది చేతుల్లోంచి జారింది. జారి, మొద్దు పెంకును చీల్చుకుని, కిందికి పోయింది. నేను చప్పుడు కోసం ఎదురుచూశాను. చప్పుడు రాలేదు. రాదేమో అనుకున్నాక, ఎక్కడో లోతున, ధన్ అని ఒకటి వినిపించింది. ఆ వెంటనే ఆ కంతలోంచి ముక్కిపోయిన వాసన ఒకటి నా ముఖానికి కొట్టింది.

నేను మోకాళ్ళ మీద ఉన్నాను. నా మోకాళ్ళ కింద ఉన్నదీ అదే రాయి, ఆ రాయి కింద ఉన్నవీ అవే మొద్దులు. లేచి నిలబడే ధైర్యం లేదు. పొట్ట నేలకు ఆనించి, బల్లిలా వెనక్కి పాకుతూ పెరటి గుమ్మం దాకా వచ్చాను. గడప మీద చెయ్యి పడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదు. అప్పుడు తల ఎత్తాను. ఎదురుగా, నడిమి గది గుమ్మంలోంచి, మా ఆవిడ వంటింట్లోకి అడుగు పెడుతోంది.

"ఏమైంది?" అంది.

"రావొద్దు!" అని అరిచాను. అరిచేటప్పటికే ఆమె రెండు అడుగులు వేసింది. రెండో అడుగు పడిన రాయి ఒక మూల దిగింది. టక్కుమనలేదు. మెత్తగా దిగింది. ఇసుక జారుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. మా ఇద్దరికీ మధ్య ఆ నల్లటి కంత.

"కదలొద్దు. ఉన్నచోటనే ఉండు."

ఆమె కిందికి చూసింది. చూసి, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుంది. నా జన్మలో ఆమె భయపడగా చూసింది ఆ ఒక్కసారే. వెనక్కి అడుగు వెయ్యాలంటే ముందు కాలు మీద బరువు మోపి లేపాలి. ఆ కాలు ఉన్నదే దిగిపోతున్న రాయి మీద. నేను దాటి పోలేను. చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి రావచ్చు గానీ, ఆమె మీదనుంచి చూపు తిప్పితే ఆ రాయి పోతుందని నాకు అనిపించింది. నా చూపే దాన్ని పట్టుకుని ఉన్నట్టు, కళ్ళు కూడా ఆర్పకుండా గడప పట్టుకుని కూర్చున్నాను. మొక్కులు మొక్కుకున్నాను. ఏ దేవుడికి ఏమి మొక్కానో ఇప్పటికీ పూర్తిగా గుర్తు లేదు, అందుకే కొన్ని తీరలేదు కూడా.

ఆమె వెనకాలే ఆయాసపడుతూ పెద్దావిడ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, ఒక్క చూపు చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. వెనక్కి తిరిగింది. మరుక్షణం నడిమి గదిలో గిన్నెలన్నీ ఒక్కసారి నేల మీద కూలిన చప్పుడు. మంచం మీద నేను పోసిన సామానంతా కుమ్మరించి, నులకమంచం కోళ్ళు పైకి వచ్చేట్టు తిరగేసి, గడప మీదుగా రాళ్ళ మీదకు తోసింది. మంచం పట్టె మా ఆవిడ మడమల వెనక్కి వచ్చి ఆగింది.

"అమ్మాయ్, వెనక్కి చూడమాక. కోళ్ళు చేతికందుతయ్. రెండు పక్కలా పట్టుకో. పట్టుకుని పీటేసుకున్నట్టు మెల్లగా కూర్చో. అంతే. కాళ్ళు నేనే లాగుతా."

మా ఆవిడ వెనక్కి చేతులు చాచి మంచం కోళ్ళు తడిమి పట్టుకుంది. కూర్చుంటుంటే రాయి ఇంకాస్త దిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె నులక మీద ఉంది, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని. పెద్దావిడ గడపకు కాలు తన్నిపట్టి మంచాన్ని లోపలికి లాక్కుంది. మంచం గడప దాటాక ఆ ముసలి ప్రాణం అక్కడే చతికిలపడి, "నా నడుం ఇరిగిందిరా దేవుడా" అంది.

నేను ఇంటి చుట్టూ పరుగెత్తి వెళ్ళేసరికి ఇద్దరూ గిన్నెల మధ్య కూర్చుని ఉన్నారు. పప్పులూ ఆవాలూ గదంతా చిమ్మి ఉన్నాయి. మా ఆవిడ నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టింది. "అడగమాక. కదులుతానే ఉంది" అంది. నేను ఏడ్చాను. పెద్దవాళ్ళ ముందు ఏడవడానికి సిగ్గు కూడా పడలేదు. "నువ్వెందుకొచ్చావే?" అని అడిగితే, మాత్ర మర్చిపోయానంది. ఆ మాత్రల డబ్బా ఆమె దిండు కింద ఉండటం నేను తర్వాత చూశాను గానీ, ఆ గొడవలో అడగలేదు.

ఆ రాయి ఆమె దిగాక కూడా అలాగే నిలబడి ఉంది. సాయంత్రం పెరటి గుమ్మంలోంచి ఒక వెదురు బొంగుతో దాన్ని తాకాను. నెట్టలేదు, తాకానంతే. ఒక పక్కకు ఒరిగి, మొద్దులతో సహా పోయింది.

అదేమిటో పెద్దావిడే చెప్పింది. పెరటి వైపు నుంచి తొంగి చూసి, వాసన పీల్చి, "జొన్న పాతర అల్లుడూ అది" అంది. పూర్వం పంట దాచుకోవడానికి పెరట్లో బావిలా తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, మూతికి బండ వేసి మట్టితో మెత్తేవాళ్ళట. మూతి చిన్నది, లోపల ఇల్లంత. జొన్న పంటలు పోయాక పాతరలు ఖాళీ అయ్యాయి. కానీ పూడ్చరట. పాతర పూడిస్తే ఇంట్లో గింజ నిలవదని భయం. ఈ ఇంటి ఆసాములు వంటిల్లు పెరట్లోకి పొడిగించేటప్పుడు కూడా ఆ భయంతోనే పూడ్చకుండా, మూతి మీద తాటిమొద్దులు పరిచి, ఇసుక పోసి, పైన మాచర్ల రాళ్ళు వేసేశారు. సరిగ్గా దాని మీద పొయ్యిగట్టు ముందర నిలబడే చోటు వచ్చింది. తర్వాత చెదలు వచ్చాయి, సింకు నీళ్ళు మూతి అంచును కరిగించాయి. ఎవడో తవ్విన గొయ్యిని నాలాంటి భయస్తుడే పూడ్చకుండా వదిలాడు, నాలాంటి భయస్తుడే ఆ మేస్త్రి దాన్ని తెరవకుండా ఇన్నాళ్ళు ఆపాడు. అదంతా తలుచుకుంటే ఎవరిని తిట్టాలో తెలియక ఊరుకున్నాను.

"గునపం పోయింది అత్తా. నిచ్చెన వేసి దిగి తీసిస్తా" అన్నాను. ఆవిడ సొమ్ము పోగొట్టానన్న బాధ నాది.

ఆమె నా చొక్కా పట్టుకుంది. "ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? మా చిన్నాయన ఇట్టాగే దిగాడు. మూత తీసినప్పుడే దిగాడు. లోపలి నుంచి కేక కూడా రాలేదు. మూసిన పాతరలో గాలి చచ్చిపోయి ఉంటుద్ది. ముందు దీపం దించు. దీపం బతికితే మనిషి బతుకుతాడు."

ఖాళీ పాలడబ్బాలో కొవ్వొత్తి వెలిగించి నిలబెట్టి, మోటార్లకు చుట్టే రాగితీగ కట్టి, పెరటి గడప మీద బోర్లా పడుకుని దాన్ని వెదురు చివర నుంచి దించాను. వెలుగులో ఒక్క క్షణం గోడలు కనిపించాయి. నల్లబడిన చొప్ప అతుక్కుని ఉంది. ఇంకొంచెం దించాను. మంట చిన్నదైంది, నీలంగా అయింది, ఆరిపోయింది. గాలి లేదు, వాన లేదు, ఎవరూ ఊదలేదు. నేను అంతకుముందు ఎన్నో భయాలు పడ్డాను గానీ, ఆ దీపం ఆరడం చూసినప్పుడు పడినది వేరు. ఇన్ని నెలలూ దాని మీద నిలబడే ఆమె నాకు అన్నం వండి పెట్టింది. అది గుర్తొచ్చి ఆ రాత్రికి ముద్ద దిగలేదు.

మర్నాడు కూడా దీపం ఆరింది. ఆ తర్వాత నిలిచింది. "ఇప్పుడు దిగొచ్చు" అంది పెద్దావిడ. "ఎవరు దిగేది? నీ గునపానికో దణ్ణం, కొత్తది కొనిస్తా" అన్నాను. గునపం అక్కడే ఉంది, ఇప్పటికీ.

పూడ్చడానికి మాత్రం ఊరు కదిలింది. తవ్వితే దోషం గానీ పూడిస్తే ఏముంది అని, రానన్న మేస్త్రి కూడా తట్ట పట్టుకుని వచ్చాడు. ట్రాక్టర్లతో గరపమట్టి తోలించాను. మొదటి తట్ట పోసేముందు పెద్దావిడ అందర్నీ ఆపి, కొంగులోంచి గుప్పెడు జొన్నలు తీసి పాతరలో వేసింది. "గింజ నిలవదంటారు. ఇదిగో, నిలిపాం. ఇక పొయ్యండి" అంది. ఆ పాతర ఎంత మట్టి మింగిందో చెప్పలేను. నీళ్ళు పెట్టి, దిగనిచ్చి, మళ్ళీ పోసి, దిమ్మిస కొట్టి, పైన రాతిపొడి పరిచి, మిగిలిన రాళ్ళు తిరగేసి నేనే పరిచాను. మట్టం అంత బాగా కుదరలేదు. నీళ్ళు పోస్తే గుమ్మం వైపు కాకుండా మూలకు పోతాయి. పోతే పోనీ, కనిపించే చోటికే పోతున్నాయి గదా అనుకుంటాను.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. నెలలు నిండే పుట్టింది, ఏడుస్తూ పుట్టింది. బాలసారె నాడు పెద్దావిడ వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పింది. మంచం సంగతి తక్కువే చెప్పింది. "గునపం చప్పుడు దీని చెవిన పడకుండా చూశా గనక సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో" అని అదే పదే పదే చెప్పింది. అందరూ ఔనన్నారు. నేనూ ఔనన్నాను, మనస్ఫూర్తిగానే. మా ఆవిడ బిడ్డకు పాలిస్తూ తల వంచుకుంది.

అందరూ వెళ్ళాక చెప్పింది. "ఆ రోజు పాటలు నీ దాకా వినపడేంత ఉంచి తగ్గించేశానయ్యా. పెద్దమ్మ బయటికి పోగానే తగ్గించి, గోడకు చెవి పెట్టి పడుకున్నా. ప్రతి దెబ్బా విన్నా."

నాకు ఒళ్ళు జలదరించింది. "ఎందుకే? వినకూడదని అంతగా చెప్తే?"

"దెబ్బ పడుతుంటే నువ్వు బాగున్నట్టేగా. వింటా ఉంటే నిమ్మళంగా ఉంది. ఉన్నట్టుండి చప్పుడాగింది. నువ్వు మధ్యలో ఆగే మనిషివి కాదు. అప్పుడేసింది నాకు భయం. అందుకే వచ్చా."

నేను పాటలు వింటూ దెబ్బ వేశాను. ఆమె దెబ్బలు వింటూ పడుకుంది. ఆ సంగతి పెద్దావిడకు మేము ఇప్పటికీ చెప్పలేదు.

పిల్లకు ఇప్పుడు పాకడం వచ్చింది. వంటింట్లో ఆ రాళ్ళ మీదే కూర్చుని, గరిటె పట్టుకుని పొద్దస్తమానం నేలను బాదుతుంటుంది. పక్కింటి నుంచి పెద్దావిడ, "ఏందే ఆ మోత, చెవులు చిల్లులు పడుతున్నయ్, దాని చేతిలోది లాక్కోరాదూ" అని కేకేస్తుంది. మేము లాక్కోము. నేను వరండాలో తీగ చుట్టుకుంటూ ఉంటాను, ఆమె బట్టలు ఆరేస్తూ ఉంటుంది. బాదినంతసేపూ మా పని మేము చేసుకుంటాం. ఆ చప్పుడు ఆగిందంటే, ఇద్దరం చేతిలోవి అక్కడే పడేసి వంటింట్లోకి పరుగెత్తుతాం.